స్థిర వ్యవస్థ - నూతన తపాలా

2007 ఏప్రిల్ 8వ తేదీన ‘డెబియన్’ అనే లినక్స్ వ్యవస్థ 4.0 విడుదల వెలువడింది. దానికి ‘ఎచ్’ అని పేరు పెట్టారు. ఆ విడుదలలో ఈ-మెయిల్ చదువుకోవడానికి చేర్చిన సాఫ్ట్‌వేర్ మొజిల్లా వారి థండర్‌బర్డ్ 1.5 కూర్పు. సరిగ్గా పది రోజులకు, ఏప్రిల్ 18వ తేదీన, థండర్‌బర్డ్ 2.0 విడుదలయింది. డెబియన్‌ను అప్పుడే తమ కంప్యూటర్లలో నెలకొల్పుకున్నవారు ఆ కొత్త కూర్పును గురించి విన్నారే గాని, తమ వ్యవస్థ ద్వారా దానిని పొందలేకపోయారు. డెబియన్ తరువాతి విడుదల 2009 ఫిబ్రవరి 14వ తేదీకి గాని రాలేదు. పది రోజుల తేడా ఇరవై రెండు నెలల నిరీక్షణగా పరిణమించింది.

ఇందులో ఎవరి అలసత్వమూ లేదు. ఇది బాగా ఆలోచించి చేసుకున్న ఏర్పాటు. ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఉద్దేశం ఏమిటి, దానిని చెడగొట్టకుండా కొత్త సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకునే మార్గాలు ఏవి అనే విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

కంప్యూటర్‌లోని యంత్రభాగాలకూ, మనం వాడే సాఫ్ట్‌వేర్‌కూ మధ్య నిలిచి పనులన్నిటినీ నడిపించే దానిని నిర్వహణ వ్యవస్థ అంటారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక, 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రచించిన లినక్స్ కెర్నెల్ - ఈ రెండూ కలిసి, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల, మార్చుకోగల, పంచుకోగల నిర్వహణ వ్యవస్థ రూపొందింది. ఇలా విడివిడిగా తయారైన వేలకొలది సాఫ్ట్‌వేర్‌లను ఏరి, కూర్చి, ఒకదానితో ఒకటి పొసగేటట్లు సంధానించి అందించేవాటిని పంపిణీలు అంటారు. డెబియన్ అటువంటి పంపిణీ. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే అమెరికా విద్యార్థి దానిని ప్రకటించాడు. తన పేరుకు ముందు డెబ్రా అనే తన స్నేహితురాలి పేరును చేర్చి ‘డెబియన్’ అన్నాడు. మన దేశంలోనూ ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఆదరించినవారు ఉన్నారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ లినక్స్‌ను తెలుగులో అందించేందుకు కృషి చేసింది.

డెబియన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ మూడు దశలను దాటాలి. కొత్తగా వచ్చినది మొదట ‘అస్థిరం’ అనే భాండారంలో చేరుతుంది. డెబియన్ విడుదలలకు ‘టాయ్ స్టోరీ’ అనే బొమ్మల చలనచిత్రంలోని పాత్రల పేర్లు పెట్టడం ఆచారం. అస్థిర భాండారానికి మాత్రం ‘సిడ్’ అనేది శాశ్వతనామం. ఆ చిత్రంలో సిడ్ బొమ్మలను విరగగొట్టే పక్కింటి పిల్లవాడు! అక్కడ కొన్ని రోజులపాటు పెద్ద దోషమేదీ బయటపడకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ‘పరీక్ష’ అనే రెండవ భాండారానికి చేరుతుంది. సుమారు రెండేళ్లకు ఒకసారి ఆ పరీక్ష భాండారంలోకి కొత్తవాటి రాకను నిలిపివేసి, కొన్ని నెలలపాటు దోషాలను ఏరివేసి, దానినే ‘స్థిరం’ అని ప్రకటిస్తారు.

స్థిరం అనే మాటకు చాలామంది ‘చెడిపోనిది’ అని అర్థం చెప్పుకుంటారు. ఇక్కడ దాని అర్థం ‘మారనిది’ అని గ్రహించాలి. విడుదలనాటికి ఏ కూర్పు ఉన్నదో తరువాతి విడుదల వరకు సాధారణంగా అదే ఉంటుంది. ఈ మధ్యకాలంలో భద్రతకు సంబంధించిన లోపమేదైనా బయటపడితే, కొత్త కూర్పును తెచ్చి పెట్టరు. ఆ లోపాన్ని సరిదిద్దిన నాలుగు పంక్తులను మాత్రం కొత్తదానినుండి గ్రహించి పాతదానిలో పొదుగుతారు. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడు లేఖకదోషాన్ని సవరిస్తాడే గాని, కావ్యాన్ని తిరగ రాయడు గదా! డెబియన్ పరిష్కర్తల పని అటువంటిది.

నాయుడుపేట పరిసరాలలో వరి పండించే రైతుకు ఈ సంగతిని ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. కొత్త వంగడం వచ్చిందని వినగానే అతడు ఉన్న పొలమంతా దానితో నింపడు. ఒక మడిలో నాటి, తెగులును ఎంత తట్టుకుంటుందో, గాలివానకు పడిపోతుందో నిలుస్తుందో, గింజ ఎట్లా ఉంటుందో చూస్తాడు. మిగిలిన పొలంలో తనకు తెలిసిన విత్తనాన్నే చల్లుతాడు. కుటుంబం అన్నం తినవలసింది ఆ మిగిలిన పొలం మీదనే.

అయితే కొత్త కూర్పు కోసం ఆరాటపడవలసిన అవసరం ఏమున్నది? పాత సాఫ్ట్‌వేర్‌తో ఉత్తరాలు రావా? వస్తాయి. కాని తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉండేది.

‘లక్ష్మి’ అనే మాటను తీసుకుందాం. చూడడానికి రెండక్షరాలు. కంప్యూటర్ మాత్రం యూనికోడ్ పద్ధతిలో ఈ మాటను ఏడు సంకేతాలుగా దాచుకుంటుంది - లకారం, కకారం, పొల్లు, షకారం, పొల్లు, మకారం, గుడి. ఈ ఏడింటిని చూసి ఎక్కడ తలకట్టు తీయాలి, ఏది వత్తుగా కిందికి దిగాలి, గుడి ఏ అక్షరం నెత్తిన కూర్చోవాలి అని నిర్ణయించి అక్షరాలను కూర్చే భాగం సాఫ్ట్‌వేర్‌లో వేరుగా ఉండాలి. ఆంగ్లానికి ఈ బెడద లేదు. మొజిల్లా స్వయంగా లినక్స్ కొరకు తయారుచేసిన పాత కూర్పులలో, అనగా థండర్‌బర్డ్ 2.0 నాటి వరకు, ఈ కూర్పరి పనిలోకి దిగేది కాదు. వత్తులు వత్తులు కాకుండా పొల్లులతో విడివిడిగా నిలిచి, ఉత్తరం చదవడం కష్టమయ్యేది. 2009 డిసెంబరులో వెలువడిన థండర్‌బర్డ్ 3.0తో ఈ లోపం తీరింది. కాని డెబియన్‌లో ఆనాటి స్థిర విడుదల అయిన ‘లెనీ’ అదే సంవత్సరం ఫిబ్రవరిలోనే 2.0 కూర్పుతో వచ్చేసింది. 3.0 కూర్పు 2011 ఫిబ్రవరి 6న విడుదలైన ‘స్క్వీజ్’లో గాని చేరలేదు. ఆ స్క్వీజ్‌లోనే, వ్యవస్థను నెలకొల్పే చిత్రరూప కార్యక్రమం తెలుగులోనూ కనిపించే ఏర్పాటు జరిగింది. కన్నడానికి కూడా అదే విడుదలలో ఆ స్థానం లభించింది.

ఇంటర్నెట్‌లో నేరుగా ఉత్తరాలు చూసుకునే సౌకర్యం ఉండగా కంప్యూటర్‌లో వేరొక సాఫ్ట్‌వేర్ ఎందుకని కొందరు అడుగుతారు. స్వర్ణముఖి ఒడ్డున, ఆనాడు నెల్లూరు జిల్లాలోనూ 2022 నుండి తిరుపతి జిల్లాలోనూ ఉన్న నాయుడుపేట వంటి పట్టణంలో ఒక కళాశాల కార్యాలయాన్ని ఊహించుకోండి. టెలిఫోను తీగ ద్వారా నిమిషాల లెక్కన రుసుము చెల్లించి ఇంటర్నెట్‌ను వాడుకున్న రోజులలో, పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్ అనే పద్ధతి ఎంతో ఆదుకున్నది. ఫోను కలపగానే ఉత్తరాలన్నీ యంత్రంలోకి దిగేవి. ఫోను పెట్టేసిన తరువాత తీరికగా చదివి, జవాబులు రాసి, మరొకసారి కలిపినప్పుడు పంపేవారు. తీగలు వేగవంతమైన తరువాత కూడా ఆ సౌకర్యం విలువ తగ్గలేదు. 2015 నవంబరులో నెల్లూరు జిల్లాను వరదలు ముంచెత్తాయి. అటువంటి వేళ సంబంధాలు తెగిపోతే ఎక్కడో దూరాన ఉన్న ఉత్తరం తెరుచుకోదు. పరీక్ష రుసుము గడువు తేదీ, హాల్ టికెట్ల వివరాలు యంత్రంలో దిగి ఉంటే మాత్రం విద్యుత్తు ఉన్నంతవరకు చూసుకోవచ్చు. ఈ ఉత్తరాలు అక్కడ కేవలం కబుర్లు కావు, విద్యార్థుల విద్యాసంవత్సరాలు.

అందుచేతనే కొత్త కూర్పును తెచ్చుకునే తొందరలో ఏ మార్గాన్ని అనుసరిస్తున్నామనేది ముఖ్యం. తొందరపాటువారు అనుసరించే దారి ఒకటున్నది. ఏయే భాండారాలనుండి సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకోవాలో డెబియన్‌లో ఒక జాబితా ఉంటుంది. దానిలో ‘స్థిరం’ పక్కన ‘పరీక్ష’ను కూడా చేర్చి, అక్కడినుండి థండర్‌బర్డ్‌ను ఒక్కదానిని రప్పించడమే ఆ దారి. వినడానికి ఒక్క సాఫ్ట్‌వేరే. కాని ప్రతి సాఫ్ట్‌వేర్ మరికొన్ని లైబ్రరీలపై ఆధారపడి ఉంటుంది. కొత్త థండర్‌బర్డ్ కొత్త లైబ్రరీని కోరుతుంది. అది మరొక కొత్తదానిని కోరుతుంది. చివరకు వ్యవస్థ అంతటికీ మూలాధారమైన సి-లైబ్రరీ కూడా మారవలసి వస్తుంది. ఆ మార్పుతో, నిన్నటివరకు నిశ్చింతగా పనిచేసిన ముద్రణ యంత్రమో, లెక్కల పట్టికో మొరాయించవచ్చు. ఇట్లా రెండు మూడు విడుదలల అవయవాలను అతికించిన వ్యవస్థను డెబియన్ వారు, ఆంగ్లనవలలోని భూతాన్ని తలచుకొని, ‘ఫ్రాంకెన్‌డెబియన్’ అని పరిహసిస్తారు. మన మాటల్లో చెప్పాలంటే గోచీకి పెట్టబోతే దుప్పటి చిరిగినట్లు.

సరియైన మార్గానికి ‘బ్యాక్‌పోర్ట్’ అని పేరు. పరీక్ష భాండారంలోని కొత్త సాఫ్ట్‌వేర్ మూలరచనను తీసుకొని, స్థిర వ్యవస్థలో ఉన్న పాత లైబ్రరీలతోనే పొసగేటట్లు తిరిగి నిర్మించడాన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. కొత్తది పాతదాని నియమాలకు లోబడి వస్తుంది.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ ప్రక్రియ అపరిచితమైనది కాదు. నన్నయ మహాభారతాన్ని ప్రారంభించి అరణ్యపర్వం మధ్యలో ఆగాడు. నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలోని తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టి తక్కిన పర్వాలన్నిటినీ పూర్తిచేశాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషాన్ని పద్నాలుగవ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ఆనాటికి నన్నయ గతించి దాదాపు మూడు వందల ఏళ్లు. భాష మారింది, శైలి మారింది, రాజ్యాలు మారాయి. ఎర్రనను ఆదరించిన ప్రభువు ప్రోలయ వేమారెడ్డి. అయినా ఎర్రన ఆ భాగాన్ని తన ప్రభువు పేరిట గాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుని పేరిటనే రచించాడు. నన్నయ ధోరణిలో ఎత్తుకొని తిక్కన ధోరణికి చేర్చాడు. చదువరికి అతుకు కనిపించదు. తన కాలపు ప్రతిభను పాతగ్రంథపు చట్రంలో ఒదిగించడంలో ఎర్రన చూపిన వినయం బ్యాక్‌పోర్ట్ చేసేవారికి ఉండవలసిన ప్రథమ లక్షణం అని నా అభిప్రాయం.

మొదట ఈ బ్యాక్‌పోర్ట్‌లను కొందరు స్వచ్ఛంద సేవకులు వేరుగా నడిపేవారు. 2010 సెప్టెంబరులో డెబియన్ దానిని తన అధికార సేవగా స్వీకరించింది. ఇందులో రెండు ఏర్పాట్లు మెచ్చదగినవి.

మొదటిది ప్రాధాన్యాంకం. ఒకే సాఫ్ట్‌వేర్ రెండు భాండారాలలో ఉన్నప్పుడు దేనిని తీసుకోవాలో నిర్ణయించడానికి ప్రతి భాండారానికి ఒక అంకె ఉంటుంది. స్థిర భాండారానికి 500, బ్యాక్‌పోర్ట్ భాండారానికి 100. కాబట్టి జాబితాలో బ్యాక్‌పోర్ట్‌ను చేర్చినంత మాత్రాన ఏదీ దానంతటదే మారదు. పేరు పెట్టి, ‘దీనిని బ్యాక్‌పోర్ట్ నుండి తెమ్ము’ అని ఆదేశించిన సాఫ్ట్‌వేర్ మాత్రమే వస్తుంది. ఒకసారి తెచ్చుకున్న దానికి తరువాతి సవరణలు మటుకు వాటంతట అవే అందుతాయి.

రెండవది కూర్పు సంఖ్య. బ్యాక్‌పోర్ట్ చేసిన ప్రతి సాఫ్ట్‌వేర్ సంఖ్య చివర ఒక అల గుర్తు, దాని వెనుక ‘బిపిఓ’ అనే అక్షరాలు ఉంటాయి. డెబియన్ లెక్కలో అల గుర్తుకు శూన్యం కంటె తక్కువ విలువ. అనగా 3.0 అనే సంఖ్య కంటె, అల గుర్తు తగిలించిన 3.0 చిన్నది. ఇందువలన ప్రయోజనం ఏమిటి? రెండేళ్లకు తరువాతి స్థిర విడుదల వచ్చి, అందులో అసలైన 3.0 ఉన్నప్పుడు, వ్యవస్థ దానిని పెద్దదిగా గుర్తించి బ్యాక్‌పోర్ట్‌ను తప్పించి దానిని కూర్చోబెడుతుంది. వచ్చిన అతిథి అసలు గృహస్థు రాగానే పీట ఖాళీ చేస్తాడన్నమాట. ఇంత చిన్న గుర్తులో ఇంత ముందుచూపు ఇమిడి ఉన్నది.

ఒక సంగతి మరువరాదు. స్థిర భాండారానికి భద్రతా బృందం కాపలా ఉంటుంది. బ్యాక్‌పోర్ట్‌కు దానిని తయారుచేసినవారి శ్రద్ధయే కాపలా. అక్కరకు మించి తెచ్చుకోవడం మంచిది కాదు.

బ్యాక్‌పోర్ట్ దొరకనప్పుడు మరొక మార్గం ఉన్నది. మొజిల్లా నిర్మించి అందించే సంపుటాన్ని దించుకొని, మన సొంత ఫోల్డరులో విప్పుకొని, అక్కడినుండే నడుపుకోవచ్చు. అది తనకు కావలసిన భాగాలలో ఎక్కువ వాటిని తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి వ్యవస్థను తాకదు. వద్దనుకుంటే ఆ ఫోల్డరును తొలగిస్తే చాలు. అయితే డెబియన్‌కు దాని ఉనికి తెలియదు. దాని సవరణల బాధ్యత మనదే. ‘ఫ్లాట్‌పాక్’ అనేది ఈ పద్ధతికే మరికొంత క్రమశిక్షణ నేర్పినటువంటిది. 2017లో వచ్చిన ‘స్ట్రెచ్’ విడుదల నాటినుండి డెబియన్‌లో లభిస్తున్నది. లైబ్రరీలతో సహా మూటగట్టుకొని వస్తుంది కాబట్టి దించుకోవలసిన పరిమాణం ఎక్కువ. కొలిచి పోసే ఇంటర్నెట్ ఉన్నచోట ఇది ఆలోచించవలసిన విషయం.

ఏ మార్గాన్ని ఎంచుకున్నా ముందుగా చేయవలసిన పని ఒకటున్నది. ఉత్తరాలు, చిరునామాలు, అమరికలు అన్నీ ‘ప్రొఫైల్’ అనే ఫోల్డరులో ఉంటాయి. థండర్‌బర్డ్ సాధారణంగా ఒక్కొక్క పెట్టెలోని ఉత్తరాలన్నిటినీ ఒకే పొడవైన ఫైలుగా దాస్తుంది. ‘వచ్చినవి’ అనే పెట్టెలో అయిదేళ్ల ఉత్తరాలు ఉంటే అవన్నీ ఒక్క ఫైలే. ఒక్క చోట తెగితే ఆ అయిదేళ్లూ ప్రమాదంలో పడతాయి. పైగా, కొత్త కూర్పు మొదటిసారి తెరుచుకున్నప్పుడు ప్రొఫైల్‌ను తన పద్ధతికి మార్చుకుంటుంది. మరల పాత కూర్పుకు వెళ్లాలంటే కుదరకపోవచ్చు. 2019లో వచ్చిన 68వ కూర్పు నుండి, కొత్తది తాకిన ప్రొఫైల్‌ను పాతది తెరవకుండా అడ్డుకునే ఏర్పాటే చేశారు. కనుక థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసి, ప్రొఫైల్ మొత్తాన్ని మరొక డిస్కులోకి నకలు తీసి, ఆ నకలులోని ఒక ఉత్తరాన్ని తెరిచి చూసిన తరువాతనే ముందడుగు వేయాలి. నకలు తీశాము గదా అని తెరిచి చూడనివారే ఎక్కువ.

డెబియన్‌లో కొంతకాలం ఈ సాఫ్ట్‌వేర్ థండర్‌బర్డ్ అనే పేరుతో కనిపించేది కాదు. మొజిల్లా పేరు, చిహ్నాల వాడకానికి పెట్టిన షరతులు డెబియన్ నియమాలకు సరిపడక, 2006లో దానికి ‘ఐస్‌డవ్’ అని మారుపేరు పెట్టారు. ఉరుము పక్షి మంచు పావురమయింది. తగవు తీరి 2017లో పాత పేరు తిరిగి వచ్చింది. వస్తువు ఒకటే, పేర్లు రెండు. పాత పుస్తకాలలో ఐస్‌డవ్ అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు.

ఈలోగా లోకం తీరు మారి, ‘మారనిది’ అనే నియమం ఈ సాఫ్ట్‌వేర్ విషయంలో సడలక తప్పలేదు. బ్రౌజర్లు, తపాలా సాఫ్ట్‌వేర్లు చాలా పెద్దవి. వాటిలో లోపాలు తరచుగా బయటపడతాయి. ప్రతి సవరణనూ పాత కూర్పులో పొదగడం స్వచ్ఛంద సేవకుల శక్తికి మించిన పని. అందుచేత మొజిల్లా దీర్ఘకాల మద్దతుతో సుమారు ఏడాదికొకసారి ఇచ్చే కూర్పులను డెబియన్ తన భద్రతా మార్గం ద్వారా స్థిర విడుదలలోకే పంపడం మొదలుపెట్టింది. దీనివలన లాభమే గాక ఇబ్బంది కూడా కలిగింది. 2020 జూలైలో వచ్చిన 78వ కూర్పులో, ఉత్తరాలకు రహస్యలిపి తొడిగే ఎనిగ్‌మెయిల్ అనే అనుబంధం పనిచేయడం మానివేసింది. ఆ పనిని థండర్‌బర్డే స్వయంగా చేపట్టింది. ఆ కూర్పు నాటి స్థిర విడుదలైన ‘బస్టర్’కు చేరినప్పుడు, స్థిరత్వాన్ని కోరి వచ్చినవారు సైతం తమ తాళపుచెవులను కొత్త గూటికి మార్చుకోవలసి వచ్చింది.

పాత కూర్పునే అంటిపెట్టుకుని ఉందామన్నా తపాలాను నడిపే సంస్థలు ఊరుకోవు. 2022 మే 30 నుండి గూగుల్ తన వ్యక్తిగత ఖాతాలలో, సాధారణ సంకేతపదం మాత్రమే ఇచ్చి లోనికి వచ్చే పాత సాఫ్ట్‌వేర్‌లకు తలుపు మూసింది. 2015 నాటి 38వ కూర్పు నుండి జీమెయిల్‌కు థండర్‌బర్డ్‌లో కొత్త ప్రవేశ పద్ధతి ఉన్నది. అంతకు ముందరి కూర్పులకు అది లేదు. 2025 మార్చి నుండి థండర్‌బర్డ్ వారు నెలకొక కూర్పును ప్రధాన విడుదలగా ఇస్తున్నారు. డెబియన్ స్థిర విడుదల మాత్రం ఏడాదికొకసారి వచ్చే దీర్ఘకాల కూర్పునే అనుసరిస్తున్నది. 2007లో ఇరవై రెండు నెలలున్న ఎడం ఈనాడు కొన్ని నెలలకు తగ్గింది.

మనం ఊహించుకున్న నాయుడుపేట కార్యాలయానికి ఈ దీర్ఘకాల కూర్పు చాలును. కొత్త సౌకర్యం అత్యవసరమైతే బ్యాక్‌పోర్ట్‌లో ఉన్నదేమో చూడాలి. లేకుంటే వేరొక వినియోగదారు పేరుతో, నకలు తీసిన ప్రొఫైల్‌పై, మొజిల్లా సంపుటాన్ని పదిహేను రోజులు నడిపి చూడాలి. పరీక్షల కాలంలో మాత్రం దేనినీ కదపకూడదు.

ఇక అక్షరాల అందం సంగతి. తెలుగు ఖతులకు ఈ నియమాలేవీ వర్తించవు. ఖతి అంటే అక్షరాల ఆకృతులే గాని, నడిచే సాఫ్ట్‌వేర్ కాదు. దానికి సి-లైబ్రరీతో పని లేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఖతులు డెబియన్ భాండారంలో ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో తెలుగువిజయం పేరిట వెలువడిన ఖతులలో పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణులతో పాటు ధూర్జటి పేరిట కూడా ఒకటున్నది. శ్రీకాళహస్తి మనకు పొరుగే కనుక ముందుగా దానిని పెట్టుకొని చూడవచ్చు. ఖతి ఫైలును మన సొంత ఖతుల ఫోల్డరులో వేసి, థండర్‌బర్డ్‌ను మూసి తెరిచి, అమరికలలో తెలుగు లిపికి ఆ ఖతిని ఎంచుకుంటే, ‘లక్ష్మి’ రెండక్షరాలుగానే కనిపిస్తుంది.